మా యూనివర్సిటీలో గ్రహశాస్త్రం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీరు ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతున్నారు. చంద్రయాన్-3 దిగిన సాయంత్రం నుంచి చంద్రుడి మీద పరిశోధన చేయాలని మనసులో పడింది. మీ డిపార్ట్‌మెంటులో ఆ సబ్జెక్టు చెప్పేవారు లేరు. ఇంటర్న్‌షిప్‌లు, ఫెలోషిప్‌లు, కాన్ఫరెన్సుల కబురు మీదాకా వచ్చేసరికి గడువు దాటిపోతోంది. అమెరికాలో నిధులు కోసేస్తున్నారని విన్నారు. ఇంట్లో మాత్రం ‘చదివాక ఉద్యోగం ఏంటి?’ అని అడుగుతున్నారు.

నేను ఈ రంగంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. నేనూ జియాలజీ నుంచే వచ్చాను, మా డిపార్ట్‌మెంటులోనూ అప్పట్లో చంద్రుడి మాట ఎత్తినవారు లేరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ఎక్కడో సీటు వచ్చాక, ఎవరో గైడ్ దొరికాక పని మొదలుపెట్టాలని మీరు అనుకుంటున్నట్టు ప్రశ్నలో కనిపించింది. ఇప్పుడే, మీ హాస్టల్ గదిలోనే మొదలుపెట్టండి. మందుల పరిశోధనకో కణభౌతికానికో పెద్ద ల్యాబ్ కావాలి. గ్రహాల మీదికి పంపిన నౌకల డేటా మాత్రం ప్రపంచమంతటికీ ఉచితంగా అందుబాటులో ఉంది. చంద్రయాన్-2 ఆర్బిటర్ డేటాను బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న ఇస్రో డేటా కేంద్రం ‘ప్రదాన్’ అనే పోర్టల్‌లో పెడుతోంది. పేరు నమోదు చేసుకుంటే చాలు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నాసా వాళ్ల ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో అయితే నమోదు కూడా అక్కర్లేదు. 2009లో వెళ్లిన లూనార్ రికానసెన్స్ ఆర్బిటర్ చిత్రాలను చూడ్డానికి ‘క్విక్‌మ్యాప్’ అనే సైటు ఉంది, మామూలు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఈ రాత్రికే తెరిచి చూడండి.

ఇలా చూస్తే నిజంగా ఏమైనా దొరుకుతుందా అని అనుమానం రావచ్చు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలిపోయింది. నాసా ఆ ప్రాంతం చిత్రాలు విడుదల చేస్తే చెన్నైకి చెందిన ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్ పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని రోజుల తరబడి వెతికారు. ముందు లేని ఒక తెల్లటి చుక్క కనబడితే నాసాకు రాశారు. వాళ్లు సరిచూసి అది విక్రమ్ శకలమేనని డిసెంబరులో ప్రకటించారు, ఆయన పేరు కూడా చెప్పారు. ఆ ముక్క ప్రధానంగా కూలిన చోటికి వాయువ్యంగా సుమారు 750 మీటర్ల దూరంలో ఉంది. ఆయన గ్రహశాస్త్రంలో డిగ్రీ ఉన్నవారేమీ కాదు. రెండు బొమ్మలు, చాలా ఓపిక, అంతే.

సరే, మీరు ఏం వెతకాలి? ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది ప్రశ్న ఎంచుకోవడంలోనే. ‘చంద్రుడి దక్షిణ ధ్రువంలో నీరు’ అని మొదలుపెడతారు. ఏళ్ల తరబడి పెద్ద పెద్ద బృందాలు తలమునకలైన విషయం అది. మీకు కావలసింది నాలుగు నెలల్లో ఒక్కరే తేల్చగల చిన్న ప్రశ్న. ఒక ఉదాహరణ ఇస్తాను. ఉల్క గుద్దినప్పుడు గొయ్యి చుట్టూ బండరాళ్లు ఎగిరి పడతాయి. సూక్ష్మ ఉల్కలు తాకుతూ, పగలు మండి రాత్రి గడ్డకట్టే చలికి బీటలు వారుతూ ఆ బండలు కొన్ని కోట్ల ఏళ్లలో పొడి అయిపోతాయి. కాబట్టి బండలు దండిగా ఉన్న గొయ్యి వయసులో చిన్నది. ఇప్పుడు ఒకే సైజు గోతులు రెండు తీసుకోండి, ఒకటి లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లటి బసాల్టు మైదానంలో, ఇంకొకటి తెల్లటి ఎత్తు ప్రాంతంలో. గట్టు నుంచి ఎంత దూరం దాకా బండలున్నాయి, ఏ సైజువి ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టండి. రాతి రకాన్ని బట్టి తేడా వస్తోందా చూడండి. చంద్రయాన్-2 ఓహెచ్ఆర్‌సీ కెమెరా చిత్రంలో ఒక పిక్సెల్ అంటే నేల మీద పాతిక సెంటీమీటర్లు. మీటరు బండ దాంట్లో హాయిగా కనిపిస్తుంది. దాని నీడ పొడవు కొలిచి, ఆ సమయానికి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో చిత్రంతో వచ్చే వివరాల్లో చూసి, ఆ కోణం టాంజెంట్‌తో గుణిస్తే బండ ఎత్తు వస్తుంది. ఇంటర్‌లో చదివిన త్రికోణమితి సరిపోతుంది.

ఇది చిన్నపిల్లల లెక్కలా అనిపించవచ్చు. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ (పీఆర్ఎల్) బృందం అంగారకుడి మీద వాలుల వెంట దొర్లిన బండల జాడలను చిత్రాల్లో వేల సంఖ్యలో గుర్తించి 2022లో మంచి జర్నల్‌లో పేపరు వేసింది. ఎక్కడ కొత్త జాడలున్నాయో చూస్తే నేల ఎక్కడ ఇప్పటికీ కదులుతోందో తెలుస్తుందన్నది వాళ్ల ఆలోచన. లెక్కపెట్టడం చాకిరీయే, ఆ చాకిరీ వెనక ఉన్న ప్రశ్న పదునుగా ఉంటే అది సైన్సు అవుతుంది.

ఒక జాగ్రత్త. నేను మొదటి ఏడాది మూడు నెలలు ఈ ఒక్క తప్పు వల్ల పోగొట్టుకున్నాను. మన దగ్గర క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ నేర్చుకునేది భూమి పటాలతో. అలవాటు కొద్దీ చంద్రుడి చిత్రానికి భూమి కొలమానమే పెట్టేశాను. భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, చంద్రుడిది 1,737.4. అంటే కొలిచిన ప్రతి దూరమూ దాదాపు 3.7 రెట్లు పెద్దదిగా వచ్చింది. గోతులన్నీ లెక్కపెట్టాక ఒక సీనియర్ చూసి ‘ఈ గొయ్యి ఇంత పెద్దదా?’ అని అడిగితే గానీ బయటపడలేదు. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకింకా గుర్తుంది. కాబట్టి ముందు కోపర్నికస్ లాంటి పేరున్న గొయ్యిని కొలవండి. సుమారు 93 కిలోమీటర్లు రాకపోతే మిగతా పని ఆపి సెట్టింగులు చూడండి. రేఖాంశాలు కొన్ని డేటాల్లో 0 నుంచి 360 వరకు, కొన్నింట్లో మైనస్ 180 నుంచి 180 వరకు ఉంటాయి. అది కూడా మొదటి రోజే చూసుకోండి.

జియాలజీ చదివినందుకు వెనకబడ్డానని బాధపడ్డారు. ఫిజిక్స్ వాళ్లకు కోడింగ్ ముందు వస్తుంది, నిజమే. పైథాన్ మీరు ఆరు నెలల్లో నేర్చుకుంటారు. రాయిని చూడగానే గుర్తుపట్టే కన్ను వాళ్లకు ఆరు నెలల్లో రాదు. ఒంగోలు దగ్గర చీమకుర్తికి ఎప్పుడైనా వెళ్లారా? బ్లాక్ గెలాక్సీ అని వంటింటి గట్లకు వేసే నల్లరాయి అక్కడిదే. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి, ప్లేజియోక్లేజ్, పైరాక్సీన్ అనే ఖనిజాలు కలిసిన రాయి. మెరిసే చుక్కలు పైరాక్సీన్‌వే. చంద్రుడి తెల్లటి ఎత్తు ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్నది ప్లేజియోక్లేజ్, నల్లటి మైదానాల్లో పైరాక్సీన్ బాగా ఉంటుంది. చీమకుర్తి రాయి పలుచని ముక్క కోసి మైక్రోస్కోపు కింద మీ ల్యాబులోనే చూసుకోవచ్చు. తర్వాత చంద్రయాన్-1లో వెళ్లిన, ఖనిజాల పటం గీసే ఎం-త్రీ పరికరం డేటా తెరవండి. పైరాక్సీన్ ఉన్నచోట, నేల నుంచి తిరిగొచ్చే కాంతి వర్ణపటం ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యం దగ్గర, రెండు మైక్రాన్ల దగ్గర కిందికి కుంగుతుంది. చేత్తో పట్టుకున్న ఖనిజాన్నే అక్కడ గీతలో చూస్తారు. నాకు ఆ క్షణమే ఈ రంగం మీద ప్రేమ కలిగింది. దగ్గర్లో నిజమైన ఉల్కాగొయ్యి కావాలంటే మహారాష్ట్ర బుల్ధానా జిల్లాలో లోనార్ ఉంది. సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు, పూర్తిగా దక్కన్ బసాల్టులో ఏర్పడింది. తెలంగాణ నుంచి ఫీల్డ్ ట్రిప్‌కు పెద్ద దూరం కాదు, మీ హెచ్ఓడీని అడిగి చూడండి.

చంద్రయాన్-3 చెప్పిన కథ కూడా మీ సబ్జెక్టే. ప్రజ్ఞాన్ రోవర్ సుమారు 103 మీటర్లు తిరుగుతూ పీఆర్ఎల్ తయారుచేసిన, ఎక్స్-కిరణాలతో మూలకాలను గుర్తించే ఏపీఎక్స్ఎస్ పరికరంతో 23 చోట్ల మట్టి కూర్పు కొలిచింది. అది దాదాపు అంతా ప్లేజియోక్లేజే ఉండే ఫెర్రోయన్ అనార్థోసైట్ అనే రాయికి దగ్గరగా ఉందని తేలింది. చంద్రుడు ఒకప్పుడు కరిగిన రాతి సముద్రంలా ఉండేవాడని, తేలికైన ప్లేజియోక్లేజ్ పైకి తేలి పెంకు కట్టిందని చెప్పే సిద్ధాంతానికి దక్షిణాన అంత దూరంలో నేల మీద నుంచి వచ్చిన మొదటి సాక్ష్యం ఇది. 2024లో నేచర్‌లో వచ్చింది. ఈ పేపరు చదవడానికి మాగ్మా స్ఫటికీకరణ తెలిసిన మనిషి కావాలి. అది మీరు.

పని కొంచెం రూపం తీసుకున్నాక రెండు పేజీల అబ్‌స్ట్రాక్ట్, అంటే పని సారాంశం రాయండి. అమెరికాలో హ్యూస్టన్ దగ్గర ది ఉడ్‌లాండ్స్‌లో ఏటా మార్చిలో లూనార్ అండ్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్ జరుగుతుంది. మా రంగానికి అది తిరునాళ్ల లాంటిది. అబ్‌స్ట్రాక్టులకు గడువు సాధారణంగా జనవరి మొదట్లో, అంటే మన సెమిస్టర్ పరీక్షల హడావిడిలోనే. అందుకే ఆగస్టులో పని మొదలుపెట్టాలి. వీసా, టికెట్ ఖర్చు పెద్ద అడ్డంకి, నాకు తెలుసు. హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు, బంధువుల ఇంట్లో దిగి హోటల్ ఖర్చు తప్పించుకున్న తెలుగు విద్యార్థుల్ని నేనే చూశాను. వెళ్లలేకపోయినా ఒక లాభం ఉంది. అక్కడి పాత అబ్‌స్ట్రాక్టులన్నీ ఉచితంగా చదవచ్చు. ఇరవై పేజీల పేపరు అర్థం కాక టెన్షన్ పడే బదులు రోజుకు రెండు అబ్‌స్ట్రాక్టులు చదవండి. ఎవరు ఏ పని చేస్తున్నారో రెండు నెలల్లో మీకే తెలిసిపోతుంది. మన దేశంలో పీఆర్ఎల్ నిర్వహించే ఇండియన్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్ ఉంది. మొదటిసారి అక్కడికే పంపండి. రైలు టికెట్‌తో అయిపోతుంది, పైగా రేపు మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసేవారిలో సగం మంది అక్కడ మీ పోస్టరు ముందు నిలబడతారు.

పీహెచ్‌డీ దారి గురించి తక్కువ చెబుతాను, నోటిఫికేషన్లలో అంతా ఉంటుంది. సీఎస్ఐఆర్ నెట్‌లో మీ పేపరు పేరులోనే ‘ప్లానెటరీ సైన్సెస్’ ఉంది, చూసే ఉంటారు. నెట్ గానీ, గేట్ గానీ ఉంటే పీఆర్ఎల్ ఇంటర్వ్యూ దాకా వెళ్లొచ్చు. తిరువనంతపురంలో స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, అక్కడే ఉన్న అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ, భువనేశ్వర్‌లో సైన్సు విద్యాసంస్థ నైసర్, ఐఐటీల్లో ఎర్త్ సైన్స్ విభాగాలు, ఇవన్నీ చూడండి. పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, మూడో ఏడాది నుంచి 42,000. ఈ ఏడాదే చూడదగినవి రెండు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్ రెండు నెలలది, దరఖాస్తు సాధారణంగా నవంబరులోపు వేయాలి, మీ ఏడాదివారికి అర్హత ఉందో లేదో ముందే చూసుకోండి. ఇస్రో నడిపే ‘స్టార్ట్’ అనే ఆన్‌లైన్ కోర్సు మీలాంటి ఎమ్మెస్సీ వాళ్లకు పనికొస్తుంది.

ఒక అపోహ తీర్చాలి. పేపర్లలో వచ్చే ‘ఇస్రో సైంటిస్ట్ పోస్టులు’ ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ ఇంజినీర్లవి. ఎమ్మెస్సీ జియాలజీతో ఆ పరీక్షకు రెండేళ్లు కూర్చుని అర్హత లేదని చివర్లో తెలుసుకున్న పిల్లలున్నారు. మీ దారి పీహెచ్‌డీ, తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), తర్వాత సంస్థలు. అప్పుడప్పుడు అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, హైదరాబాద్ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ లాంటివి జియాలజీ వాళ్లకు విడిగా పోస్టులు వేస్తాయి, వాటి మీద కన్నేసి ఉంచండి.

ఇంకొకటి కోపంతోనే రాస్తున్నాను. ‘నాసా ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ గ్యారంటీ, ఫీజు ఇంత’ అని వాట్సాప్‌లో తిరిగేవాటికి ఒక్క రూపాయి కట్టకండి. నాసా ఇంటర్న్‌షిప్‌లు దాదాపు అన్నీ అమెరికా పౌరులకే. వాళ్లు మీ దగ్గర డబ్బు అడగరు, మీకు స్టైపెండ్ ఇస్తారు. మా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థిని ఇలాంటి కాగితం కోసం వాళ్ల నాన్న చేత అప్పు చేయించింది. ఇంటర్వ్యూలో ఆ కాగితం ఎవరూ చూడలేదు, ఆ అమ్మాయి ముఖం చూడలేక నేను తలదించుకున్నాను.

కబుర్లు ఆలస్యంగా తెలుస్తున్నాయన్నారు కదా. అమెరికాలోని ప్లానెటరీ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘ప్లానెటరీ ఎక్స్‌ప్లొరేషన్ న్యూస్‌లెటర్’ అని ఉచితంగా పంపుతారు. పీహెచ్‌డీ సీట్లు, పోస్ట్‌డాక్ ఖాళీలు, వర్క్‌షాపులు, గడువులు అన్నీ అందులో వస్తాయి. దాంతోపాటు పీఆర్ఎల్ సైటును నెలకోసారి చూడండి. నిజం చెప్పాలంటే మంచి అవకాశాల్లో చాలా వరకు ప్రకటన కంటే ముందే నోటి మాటగా తిరుగుతాయి. ఆ మాట మీదాకా రావాలంటే ఒకరిద్దరు శాస్త్రవేత్తలకు మీరు తెలిసి ఉండాలి. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ స్పేస్’ అని యాభై మందికి పంపే మెయిల్ ఎవరూ చదవరు. ఒక్కరికే రాయండి. ‘మీ పేపర్లో ఫలానా బొమ్మలో బండలు గొయ్యికి తూర్పున ఎక్కువ ఉన్నాయి. నేను పక్క గొయ్యి లెక్కపెట్టాను, నాకు అలా రాలేదు. నా పటం జతచేశాను. నేను ఎక్కడ పొరపాటు పడ్డాను?’ ఇలాంటి మెయిల్‌కు జవాబు ఇవ్వకుండా ఉండగలిగిన శాస్త్రవేత్తను నేను చూడలేదు.

అమెరికా సంగతి. 2025 మేలో అక్కడి ప్రభుత్వం నాసా సైన్సు నిధుల్లో దాదాపు సగం కోయాలని ప్రతిపాదించింది. కాంగ్రెస్ చాలా వరకు ఒప్పుకోలేదు, 2026 జనవరిలో ఆమోదించిన బిల్లులో సైన్సుకు దాదాపు పాత మొత్తమే వచ్చింది. అంగారకుడి రాళ్లను భూమికి తేవాలన్న మార్స్ శాంపిల్ రిటర్న్ మాత్రం ఆగిపోయింది. దానికి ముందే 2024 ఫిబ్రవరిలో నాసా వాళ్ల జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో సుమారు 530 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ అనిశ్చితిలో నాకు తెలిసిన ఇద్దరు ప్రొఫెసర్లు కొత్త విద్యార్థుల్ని తీసుకోవడం మానేశారు. అందుకని అప్పు చేసి అమెరికా ఎమ్మెస్‌కు వెళ్లొద్దని నా గట్టి సలహా. పీహెచ్‌డీకి పూర్తి ఫండింగ్ రాతపూర్వకంగా ఇస్తేనే వెళ్లండి. జర్మనీలో గోటింగెన్‌లో మాక్స్ ప్లాంక్ వాళ్ల సౌర కుటుంబ పరిశోధన సంస్థ ఉంది, అక్కడి డాక్టోరల్ స్కూల్‌లో జీతమిచ్చి పీహెచ్‌డీ చేయిస్తారు. జపాన్‌కు అక్కడి ప్రభుత్వమిచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది. ర్యుగు గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల మట్టి తెచ్చిన దేశం అది. శాంపిల్ పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తోచదు.

ఎటు వెళ్లినా ముందు క్యాలెండర్ చూసుకుని వెళ్లండి. ఈ రంగంలో ఉద్యోగాలు మిషన్ల చుట్టూ పుడతాయి. మీరు వచ్చే ఏడాది పీహెచ్‌డీలో చేరితే 2031, 2032 నాటికి బయటికొస్తారు. నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహం చేరుతుంది, యూరప్ వాళ్ల నౌక జ్యూస్ 2031లో. మన శుక్రయాన్ 2028లో బయల్దేరాలన్నది లక్ష్యం. చంద్రుడి మట్టిని తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ 2,104 కోట్లు మంజూరు చేసింది. జపాన్‌తో కలిసి చేసే చంద్రయాన్-5లో పెద్ద రోవర్ ఉంటుంది. చంద్రయాన్-4 శాంపిళ్లు నేలకు చేరిన రోజు మన దేశానికి కావలసింది రాతిని కోసి, ఖనిజాన్ని గుర్తించి, వయసు తేల్చగల చేతులు. అలాంటివాళ్లు ఇప్పుడు దేశంలో కొద్దిమందే ఉన్నారు. అందుకే మీరు పూర్తిగా రిమోట్ సెన్సింగ్‌కే (దూరం నుంచి తీసిన చిత్రాల పనికే) అంకితం కాకుండా పెట్రాలజీ (శిలాశాస్త్రం), జియోకెమిస్ట్రీ (రాళ్ల రసాయనశాస్త్రం) గట్టిగా పట్టుకోండి.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పీహెచ్‌డీ అయిదేళ్లు, తర్వాత రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్, స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే. మధ్యలో ఫెలోషిప్ వస్తుంది కాబట్టి వాళ్ల మీద భారం పడదు. దాంతోపాటు యూపీఎస్సీ జియోసైంటిస్ట్ పరీక్ష కూడా రాయండి. సిలబస్ నెట్‌తో చాలా వరకు కలుస్తుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరితే శిక్షణ హైదరాబాద్ బండ్లగూడలోనే. దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచే బాధ్యత కూడా ఆ సంస్థదే, కలకత్తాలో పెద్ద సేకరణ ఉంది. అది ఈ రంగాన్ని వదిలేయడమేమీ కాదు.

ఈ వారం క్విక్‌మ్యాప్‌లో ఒక కిలోమీటరు వ్యాసం లోపు గొయ్యి ఒకటి ఎంచుకోండి, చుట్టూ బండలు కనిపించేది. దాని అక్షాంశ రేఖాంశాలు, మీరు కొలిచిన వ్యాసం, ఒక స్క్రీన్‌షాట్ ఈ జవాబు కింద పెట్టండి. కోపర్నికస్ కొలత ఎంత వచ్చిందో కూడా రాయండి. ఆదివారం సాయంత్రం కూర్చుని చూస్తాను.